గేరు మారనప్పుడు: ఆటోమేటిక్ గేర్‌బాక్సులో లోపాన్ని వెతికే క్రమం

ఆటోమేటిక్ కారులో గేరు మారడం ఆగిపోతే గేర్‌బాక్సు లోపల ఏదో పళ్లచక్రం విరిగిపోయి ఉంటుందని చాలామంది భయపడతారు గాని, అలా విరగడం అరుదు. ఎక్కువ సందర్భాల్లో చక్రాలన్నీ చెక్కుచెదరకుండానే ఉంటాయి. గేరు మార్చమనే ఆజ్ఞ దారిలో ఎక్కడో తెగిపోయి ఉంటుంది, లేదా ఆజ్ఞ అందినా దాన్ని అమలుచేయాల్సిన నూనెకు తగిన ఒత్తిడి ఉండదు, లేదా బండిలోని కంప్యూటరే తేడాను పసిగట్టి, నష్టం ముదరకుండా గేర్లు మార్చడం మానేస్తుంది. వీటిలో ఏది జరిగిందో తేలకముందే గేర్‌బాక్సును కిందికి దింపించడం వల్ల వేలల్లో తీరాల్సిన పని లక్షకు చేరుతుంది, ఒక్కొక్కసారి అసలు లోపం అలాగే మిగిలిపోతుంది కూడా. అందువల్ల ఈ అధ్యాయం మరమ్మతు కంటే ముందు జరగవలసిన పనిని, అంటే లోపాన్ని వెతికే క్రమాన్ని, ప్రధానంగా వివరిస్తుంది.

ఇచ్ఛాపురం నుంచి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరుల మీదుగా సాగే ఉద్దానం తీరానికి, దానికి ఆనుకుని ఉన్న పలాస–కాశీబుగ్గ, టెక్కలి పట్టణాలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. పలాస నుంచి శ్రీకాకుళం డెబ్బై కిలోమీటర్లకు పైగా, విశాఖపట్నం సుమారు 180 కిలోమీటర్లు ఉంటుంది. కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా వేధిస్తున్న ఈ పల్లెల్లో డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ఇల్లు కదలవలసినవారు ఎందరో ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక దూరం కొంత తగ్గినా, ఆ దూరాన్ని దాటించే బండి వేళకు కదలాలన్న అవసరం తగ్గలేదు. పైగా ఉప్పుగాలి, ఇసుకదారి, తుఫాను నీరు అనే మూడూ ఒకేచోట ఉండడంతో, పొడి ప్రాంతాల్లో ఎప్పుడోగాని కనిపించని లోపాలు ఈ తీరంలో ముందే తలెత్తుతాయి.

లోపం ఎక్కడుందో ఊహించాలంటే ముందు గేరు ఎలా మారుతుందో తెలియాలి. మామూలు గేర్‌బాక్సులో డ్రైవరు క్లచ్ తొక్కి, ఒక పళ్లచక్రాన్ని ఇరుసు నుంచి విడిపించి మరొకదాన్ని తగిలిస్తాడు. సంప్రదాయ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మారేదల్లా వాటిలో ఏది ఆగాలి, ఏది తిరగాలి అన్నది మాత్రమే. నడిమి చక్రాన్ని సూర్యచక్రమనీ, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలను గ్రహచక్రాలనీ, వాటి ఇరుసులను కలిపి పట్టుకునే చట్రాన్ని క్యారియర్ అనీ, అన్నింటినీ చుట్టి లోపలి అంచున పళ్లున్న పెద్ద చక్రాన్ని వలయచక్రమనీ అంటారు. సూర్యచక్రానికి 30, వలయచక్రానికి 60 పళ్లున్న జట్టును ఉదాహరణగా తీసుకుంటే, వలయచక్రాన్ని బిగబట్టి సూర్యచక్రాన్ని మూడు చుట్లు తిప్పినప్పుడు క్యారియర్ ఒక చుట్టు తిరుగుతుంది. సూర్యచక్రాన్ని బిగబట్టి వలయచక్రాన్ని తిప్పితే ఒకటిన్నర చుట్లకే క్యారియర్ ఒక చుట్టు పూర్తిచేస్తుంది. ఏ రెండు భాగాలనైనా ఒకదానికొకటి బంధిస్తే జట్టంతా ఒకే వేగంతో తిరుగుతుంది. క్యారియర్‌ను ఆపితే వలయచక్రం ఎదురుదిశలో తిరిగి రివర్సు గేరు వస్తుంది. ఇటువంటి జట్లు రెండో మూడో కలిపితే ఆరు గేర్లూ ఎనిమిది గేర్లూ సిద్ధిస్తాయి. ఈ బిగింపులు చేసేవి నూనెలో మునిగి ఉండే క్లచ్ పళ్లేలు. ఒక క్లచ్ పట్టుకుంటుండగా మరొకటి వదలడమే గేరు మారడం, అది సెకను కంటే తక్కువ సమయంలో జరిగిపోతుంది. కనుక గేరు మారలేదంటే ఒక క్లచ్ పట్టలేదనో, పట్టవలసిందని దానికి కబురు అందలేదనో అర్థం.

ఇంజనుకూ ఈ చక్రాలకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె ఎదుటి రెక్కలను తిప్పి, మధ్యలో ఉన్న మూడో రెక్కల చక్రం మీదుగా దారి మళ్లి తిరిగి వస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆగిపోకుండా ఉండడానికీ, కదిలేటప్పుడు మెలితిప్పే బలం పెరగడానికీ ఈ ఏర్పాటే కారణం. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో దీనికి పేటెంటు పొందింది కారు కోసం కాదు, ఓడల చోదకచక్రాల కోసం. ఇది కార్లలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. టెక్కలికి దగ్గరలోని నౌపడా జంక్షను నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు వెళ్లే రైలుమార్గం 1900లో మొదలై, 2004 వరకు నారోగేజిగానే నడిచింది. ఆ మార్గంలో ఆవిరి ఇంజన్ల స్థానంలోకి 1990లలో వచ్చిన డీజిలు ఇంజన్లు నూనె ద్వారానే శక్తిని చక్రాలకు అందించే హైడ్రాలిక్ రకానివి. ఆటోమేటిక్ కారు ఈ ప్రాంతంలో ఒక వింతగా కూడా లేని రోజుల్లోనే దాని మూలసూత్రం నౌపడా పట్టాల మీద పరుగెత్తిందన్నమాట. రైలింజన్లలో ఈ పద్ధతికి భారతీయ ఇంజనీరు మన్మోహన్ సూరి రూపొందించిన సూరి ట్రాన్స్‌మిషన్ కూడా ప్రసిద్ధమైనదే. ఆయనకు 1962లో భట్నాగర్ పురస్కారం లభించింది.

ఇక ఆజ్ఞ ప్రయాణించే దారి. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఒక పంపు నూనెను ఒత్తిడితో నెడుతుంటుంది. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మెలో చెక్కిన సన్నని కాలువల గుండా ఆ నూనె క్లచ్‌లకు చేరుతుంది. కాలువలను తెరిచి మూసేవి సోలెనాయిడ్లు, అంటే కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారి చిన్న ఇనుప ముల్లును లాగే తీగచుట్టలు. వాటికి కరెంటు పంపాలో వద్దో కంప్యూటరు నిర్ణయిస్తుంది; అందుకు లోనికి వచ్చే వేగం, బయటికి పోయే వేగం, నూనె వేడి, యాక్సిలరేటరు ఎంత తొక్కారు, లివరు ఏ స్థానంలో ఉంది అనే సమాచారాన్ని సెన్సర్ల నుంచి తీసుకుంటుంది. సెన్సరు, తీగ, కంప్యూటరు, సోలెనాయిడు, నూనె, క్లచ్ అనే ఈ గొలుసులో చివరి కొక్కెం అయిన క్లచ్‌ను చూడాలంటేనే గేర్‌బాక్సు దింపాలి. తక్కినవి చాలావరకు బండి కిందనో బానెట్ కిందనో చూడగలిగినవే. వెతుకులాట ఎప్పుడూ చవకైన కొసనుంచి మొదలుపెట్టాలనడానికి ఇదే కారణం.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. 2014లో మారుతి సెలెరియోతో దేశంలో విస్తరించిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు తగిలించడం అనే పనులను మనిషి కాలూ చెయ్యీ కాకుండా ఒక యంత్రం చేస్తుంది. సీవీటీలో పళ్లచక్రాలకు బదులు వెడల్పు మారే రెండు కప్పీల మధ్య లోహపు బెల్టు ఉండడంతో ‘గేరు’ అనదగినదే ఉండదు. డీసీటీలో సరిసంఖ్య గేర్లకు ఒకటి, బేసిసంఖ్య గేర్లకు ఒకటిగా రెండు క్లచ్‌లు ఉంటాయి. ‘ఆటోమేటిక్ గేరు పడడం లేదు’ అన్న ఒక్క మాటతో షెడ్డుకు ఫోను చేస్తే మెకానిక్కు సగం సమాచారమే అందినట్టు. బండి ఏ రకమో కూడా చెప్పాలి.

మొదటి ప్రశ్న చాలా సాదాగా ఉంటుంది గాని దాన్ని అడగడం తరచూ మరచిపోతారు: కదలనిది లివరా, బండా, గేరా? లివరే ‘పీ’ స్థానం నుంచి కదలకపోతే గేర్‌బాక్సుకు దానితో సంబంధం లేనట్టే. బ్రేకు తొక్కితేగాని లివరు విడవకుండా తయారీదారులు ఒక తాళం పెడతారు. బ్రేకు తొక్కినట్టు కబురు పంపేది పెడలు దగ్గరి చిన్న స్విచ్చి, వెనుక ఎర్రదీపాలను వెలిగించేదీ సాధారణంగా అదే. కనుక ఒకరు బ్రేకు తొక్కుతుండగా మరొకరు వెనుక నిలబడి దీపాలు వెలుగుతున్నాయో లేదో చూస్తే రోగం సగం తేలిపోతుంది. దీపాలు వెలగకపోతే స్విచ్చినీ ఫ్యూజునూ చూడాలి. చాలా కార్లలో లివరు పక్కన చిన్న మూత కింద తాళాన్ని చేత్తో విడిపించే మీట ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు తొక్కిపట్టి ఆ మీట నొక్కితే బండిని కదిలించుకోవచ్చు.

లివరు కదిలినా బండి ముందుకూ వెనక్కూ పోకపోతే లివరునూ గేర్‌బాక్సునూ కలిపే కేబులు ఊడిందేమో, నూనె అడుగంటిందేమో ముందు చూసి, ఆ తరువాతే పంపును అనుమానించాలి. రివర్సు బాగా పడుతూ ‘డీ’లో మాత్రం బండి కదలకపోతే ముందుగేర్ల క్లచ్ ఒక్కదానిలోనే దోషం ఉండే అవకాశం ఎక్కువ. ఇంజను రేసు అయిపోతూ, ఒక గేరుకూ మరో గేరుకూ మధ్య బండి లాగకుండా జారినట్టుంటే క్లచ్ పట్టు చాలడం లేదన్నమాట. అలా జారిన ప్రతిసారీ పళ్లేలు కాలుతాయి కాబట్టి ఈ లక్షణం కనిపించాక బండి నడపడం మంచిది కాదు.

నూనె చూసే పద్ధతి కూడా తెలియాలి. ఏటీఎఫ్ అని పిలిచే ఈ నూనె కందెన మాత్రమే కాదు. ఒత్తిడిని మోసేదీ, వేడిని తీసుకుపోయేదీ, క్లచ్ పళ్లేల మధ్య తగినంత రాపిడిని నిలిపేదీ అదే. కొలకడ్డీ ఉన్న బండ్లలో సాధారణంగా ఇంజను వేడెక్కి నడుస్తుండగా, చదునైన నేల మీద, లివరును అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పి చూడాలి. చల్లని బండిలో చూస్తే మట్టం తప్పుగా కనిపిస్తుంది. ఇటీవలి బండ్లలో చాలావాటికి కొలకడ్డీయే ఉండదు కాబట్టి, కంపెనీ చెప్పిన వేడి దగ్గర కిందనున్న మట్టం బిరడా తీసి చూడవలసి ఉంటుంది, అది షెడ్డులో జరగవలసిన పని. కొత్త ఏటీఎఫ్ చాలావరకు ఎర్రగా ఉంటుంది; గోధుమరంగుకు తిరిగితే పాతబడిందనీ, నల్లబడి మాడువాసన వేస్తే క్లచ్ పళ్లేలు కాలాయనీ, గులాబి పాలరంగులో ఉంటే నీరు కలిసిందనీ తెలుసుకోవాలి. తక్కువైన నూనెను ఏదో ఒక డబ్బాతో నింపడం పెద్ద పొరపాటు. సీవీటీ నూనె వేరు, డీసీటీ నూనె వేరు, ఒకే రకంలోనూ కంపెనీకో ప్రమాణం ఉంది. రాపిడి గుణం మారితే బాగున్న క్లచ్ కూడా జారడం మొదలవుతుంది.

బండి కదులుతుంది గాని రెండో మూడో గేరులోనే ఉండిపోయి, ఎంత తొక్కినా పై గేరుకు పోకపోతే, అది చాలావరకు కంప్యూటరు తనంతట తాను ఎంచుకున్న రక్షణస్థితి. లింప్ మోడ్ అనే ఈ స్థితిలో కంప్యూటరు సోలెనాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేనప్పుడు నూనె సహజంగా ఏ దారిన పోతుందో ఆ ఒక్క గేరూ, రివర్సూ మిగిలేలా వాల్వ్ బాడీని ముందే రూపొందిస్తారు. నడిపేవారికి అది మొరాయింపుగా కనిపించినా, నిజానికి బండిని నెమ్మదిగా ఇంటికో షెడ్డుకో చేర్చడానికి చేసిన ఏర్పాటు. అప్పుడు స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు పెడితే కోడులు కనిపిస్తాయి. పీ 0700 అన్నది గేర్‌బాక్సు కంప్యూటరులో ఏదో నమోదైందని మాత్రమే చెప్పే సూచన, దానితోనే ఆగిపోకూడదు. పీ 0715 లోపలి వేగం సెన్సరును, పీ 0720 బయటి వేగం సెన్సరును, పీ 0750 మొదటి షిఫ్ట్ సోలెనాయిడును వేలెత్తి చూపుతాయి. పీ 0730 వస్తే ఆజ్ఞ ఇచ్చిన గేరుకూ వాస్తవంగా వచ్చిన నిష్పత్తికీ పొంతన లేదని అర్థం. అయితే కోడు చూపేది అనుమానం ఉన్న సర్క్యూటునే, చెడిన వస్తువును కాదు. పీ 0750 వచ్చిందని సోలెనాయిడు మార్చేసి, అసలు దోషం తీగలో ఉండడం వల్ల వారానికే మళ్లీ అదే కోడు చూడడం ఎక్కడైనా జరిగేదే. తీరప్రాంతంలో మరీ ఎక్కువ.

ఎందుకు ఎక్కువో చిన్న లెక్కతో చూడవచ్చు. నౌపడా ఉప్పు కొఠారుల చుట్టూ, భావనపాడు, బారువ తీరాల వెంబడి వీచే గాలిలో సన్నని ఉప్పు తుంపర ఉంటుంది. గాలిలోని తేమను ఉప్పు పీల్చుకుని, కనెక్టర్ల రాగి కాళ్ల మీద, బాడీకి బిగించిన ఎర్తు తీగ కింద పచ్చటి తుప్పును పెంచుతుంది. ఒక షిఫ్ట్ సోలెనాయిడు నిరోధం 15 ఓమ్‌లు అనుకుంటే 12 వోల్టుల దగ్గర దానిలో 0.8 ఆంపియర్ల కరెంటు పారుతుంది. కనెక్టరులో తుప్పు వల్ల మరో 5 ఓమ్‌లు చేరితే కరెంటు 0.6 ఆంపియర్లకు దిగుతుంది. తగ్గింది పావువంతే గదా అనిపించవచ్చు గాని, అయస్కాంతం లాగే బలం దాదాపుగా కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది 56 శాతానికి పడిపోతుంది. ఇనుప ముల్లు సగం దారిలో నిలిచిపోతుంది. సోలెనాయిడును విడిగా తీసి మీటరు పెడితే 15 ఓమ్‌లే చూపి బాగుందనిపిస్తుంది. అందుకే కనెక్టరు తగిలించి ఉండగానే, కరెంటు పారుతున్నప్పుడు, తీగ రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ పడిపోతోందో కొలవాలి. ఈ పరీక్షకు కావలసింది మామూలు మల్టీమీటరు మాత్రమే. పలాసలోనైనా టెక్కలిలోనైనా ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరికే ఈ పరికరం, గేర్‌బాక్సు విప్పే పానాల కంటే ముందు బయటికి రావాలి.

ఉదయం బాగా నడిచిన బండి మధ్యాహ్నం గంట ప్రయాణం తరువాత గేరు మార్చకపోవడం, చల్లారాక మళ్లీ బాగుపడడం మరో తరహా లోపం. రాగి నిరోధం వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడెక్కిన తీగచుట్టలో నిరోధం సుమారు 30 శాతం ఎక్కువవుతుంది. మంచి సోలెనాయిడు దీన్ని తట్టుకునేలానే తయారవుతుంది గాని, తుప్పు నిరోధం కూడా తోడైతే హద్దు దాటుతుంది. మరోవైపు వేడికి నూనె పలచబడి, అరిగిన సీళ్ల పక్కనుంచి కారిపోవడంతో ఒత్తిడీ తగ్గుతుంది. ఇటువంటి బండిని చల్లగా ఉండగా షెడ్డులో పరీక్షిస్తే లోపమే దొరకదు కాబట్టి, వేడెక్కేదాకా నడిపి, ఆ వేడిలోనే కొలతలు తీసుకోవాలి.

వేడికి ఈ తీరంలో ఇంకో దారి కూడా ఉంది. కొబ్బరి తోటల మధ్య ఇసుకదారిలో చక్రాలు కూరుకుపోయి కదలనప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఇంజను ఇచ్చే శక్తి అంతా టార్క్ కన్వర్టర్‌లోనే వేడిగా మారుతుంది. ఆ శక్తి 20 కిలోవాట్లనీ, గేర్‌బాక్సులో 7 లీటర్లు, అంటే సుమారు 6 కిలోల నూనె ఉందనీ అనుకుంటే, కిలో నూనెను ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు 2 కిలోజౌళ్లు చాలు కాబట్టి, నూనె వేడి సెకనుకు ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. చుట్టూ ఉన్న లోహం కొంత పంచుకున్నా, అర నిమిషం మొండిగా తొక్కితే నూనె ప్రమాదపు అంచుకు చేరుతుంది. ఇసుకలో దిగబడినప్పుడు తొక్కడం ఆపి, చక్రాల ముందు ఇసుక తీసి, కొబ్బరి మట్టలో పలకలో వేసి, టైర్ల గాలి కొంత తగ్గించి మెల్లగా కదిలించాలి. పొడి క్లచ్‌లు వాడే ఏఎంటీ, డీసీటీ బండ్లకు ఇది మరింత వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ వేడిని మోసుకుపోయే నూనె కూడా ఉండదు.

తుఫాను నీటి సంగతి వీటన్నింటికంటే తీవ్రమైనది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు కూలడంతో పాటు వాగులూ ఏరులూ పొంగి దారులను ముంచెత్తాయి. అటువంటి నీటిలో బండి నడిపినప్పుడు నీరు ఇంజనులోకి పోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది గాని, గేర్‌బాక్సు సంగతి తట్టదు. వేడెక్కిన గేర్‌బాక్సు లోపలి గాలి వ్యాకోచించి, పైన ఉండే బ్రీదర్ అనే చిన్న గొట్టం ద్వారా బయటికి పోతుంది; అదే గేర్‌బాక్సు చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ మునిగి ఉంటే గాలికి బదులు నీటిని లోపలికి పీల్చుతుంది. కాగితపు నారతో చేసిన క్లచ్ పూత ఆ నీటిని పీల్చి ఉబ్బుతుంది, దాన్ని ఉక్కుపళ్లేనికి అంటించిన జిగురు క్రమంగా వదులుతుంది. మొదటి రోజు బండి బాగానే నడుస్తుంది, కొన్ని వారాల తరువాత గేరు జారడం మొదలవుతుంది. అందువల్ల గేర్‌బాక్సు మట్టం దాకా మునిగిన బండిని స్టార్టు చేయకుండా ముందు నూనె చూడాలి, పాలరంగు కనిపిస్తే మొత్తం మార్చాలి. టార్క్ కన్వర్టర్‌లో నిలిచిన నూనె ఒక్క తడవకు దిగదు కాబట్టి ఈ మార్పు రెండు మూడు విడతలు జరగాలి.

ఏఎంటీ బండిలో గేరు పడకపోతే వెతుకులాట వేరు. బ్యాటరీ బలహీనపడితే యంత్రపు చెయ్యికి శక్తి చాలదు. ఇంజను ఆపి ఉంచినప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 14 వోల్టుల దగ్గర చూపాలి. తరువాత యాక్చుయేటరు అనే ఆ యంత్రంలోని ప్రత్యేకమైన నూనె మట్టం, ఆ పైన క్లచ్ అరుగుదల చూడాలి. రైలు గేటు దగ్గర బ్రేకు వేయకుండా, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి బండిని నిలిపి ఉంచే అలవాటు ఈ క్లచ్‌ను త్వరగా తినేస్తుంది. క్లచ్ మార్చిన తరువాత కొత్త పట్టు ఎక్కడ మొదలవుతుందో కంప్యూటరుకు స్కానరు ద్వారా నేర్పించకపోతే, కొత్త క్లచ్‌తో కూడా గేరు తట్టుకుంటూనే పడుతుంది.

దారిలో ఆగిన ఆటోమేటిక్ బండిని తోసి స్టార్టు చేయడం కుదరదు. చక్రాలు నేలను తాకుతుండగా తాడు కట్టి దూరం లాగించడం అంతకంటే చెడ్డది. ఇంజను ఆగి ఉంటే పంపు తిరగదు, పంపు తిరగకపోతే గేర్‌బాక్సు లోపల తిరుగుతున్న పళ్లచక్రాలకు నూనె అందదు. 16వ నంబరు జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోను చేసి సాయం కోరవచ్చు. లాగించేటప్పుడు నడిచే చక్రాలు నేలకు తగలకుండా, వీలైతే బండిని పూర్తిగా ఎక్కించుకునే వాహనం మీదే తరలించాలి.

మరమ్మతు అయిందనడానికి కోడు చెరిపేయడం రుజువు కాదు. కోడు చెరిపి, నూనె పూర్తిగా వేడెక్కేదాకా, అన్ని గేర్లూ పైకీ కిందికీ మారేలా రహదారి మీదా ఊరి దారిలోనూ నడిపి, మళ్లీ స్కానరు పెట్టి పెండింగు కోడులు కూడా లేవని చూడాలి. కనెక్టరు తుప్పు తీసి ఉంటే అదే వోల్టేజీ కొలతను తిరిగి తీసి, ముందున్న అంకె పక్కన కొత్త అంకెను బిల్లు మీదే రాయించుకోవాలి. నీరు కలిసిన బండిలో నూనె మార్చిన కొన్ని వందల కిలోమీటర్ల తరువాత నమూనా తీసి చూడాలి. మునక తరువాత మళ్లీ నీటిలోకి దిగని బండిలో కూడా అది తిరిగి పాలరంగుకు మారితే, నీరు వచ్చింది వరద నుంచి కాక, రేడియేటరు లోపల గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే కూలర్ పగులు నుంచి కావచ్చు. అప్పుడు రేడియేటరుకు ఒత్తిడి పరీక్ష చేయించి, కూలర్ మార్చిన తరువాతే గేర్‌బాక్సులో కొత్త నూనె పోయాలి.